వీడ్కోలులో అతి చిన్న వాటా

రైల్వే స్టేషన్లలో జనం అవసరానికి మించి వీడ్కోలు చెప్పుకుంటున్నారని పైవారు గుర్తించి, బోగీకి ఒక్క నిమిషం చొప్పున వీడ్కోలు సమయం మంజూరు చేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. సాగనంపడానికి వచ్చినవారంతా ఆ నిమిషాన్ని సమానంగా పంచుకోవాలి. ఇద్దరొస్తే చెరో అర నిమిషం, ముగ్గురొస్తే తలా మూడో వంతు. ఎవరి వాటా వారికి చీటీ మీద రాసి, ముద్ర వేసి ఇస్తారు. చీటీలు పంచందే బండి కదలదు. సాగనంపడానికి వచ్చిన ఏ ఒక్కరినీ తిప్పి పంపరాదని కూడా నిబంధనల్లో ఉంది. పైవారికి మనసు లేదనేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఆ రోజు పదిన్నర బండికి చెల్లెల్ని ఎక్కించడానికి కుట్టుమిషను పెద్దావిడ వచ్చింది. యాభై ఏళ్ళు పదిమందికీ బట్టలు కుట్టిన మనిషి. చెల్లెలు రెండు రోజుల ప్రయాణమంత దూరానికి మకాం మారుస్తోంది. ఇద్దరికీ మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి మళ్ళీ చూసుకుంటామన్న భ్రమ ఇద్దరికీ లేదు. పెద్దావిడ చెల్లెలితో ఒక్క మాట చెప్పాలి. చిన్నప్పుడు చెల్లెలి నీలం గౌను ఎలుక కొరికిందని ఇల్లంతా నమ్మింది. కొరికింది ఎలుక కాదు, తన కత్తెర. ఆ మాట కడుపులో దాచుకుని అరవై ఏళ్ళయింది. అర నిమిషమైనా దొరక్కపోతుందా అనుకుంది.

దొరకలేదు. అదే బోగీలో ఒక పెద్ద అధికారి బదిలీ మీద వెళుతున్నాడు. ఆయన పీడ విరగడవుతోందన్న ఆనందాన్ని కన్నీళ్ళతో తెలియజేయడానికి ఆఫీసు ఆఫీసంతా తరలివచ్చింది. పెద్దావిడ చేతికొచ్చిన చీటీ మీద 'నాలుగు వందల పన్నెండో వంతు' అని ఉంది.

"చెల్లీ అని పిలవడానిక్కూడా చాలదిది. ఇంతకంటే చిన్న వాటా ఉంటుందా బాబూ?"

వీడ్కోలు అధికారి నిబంధనల పుస్తకం తెరిచాడు. 'ఎవరి వాటా అయినా అతి చిన్న వాటా కంటే తగ్గరాదు' అని ఉంది. ఆ అతి చిన్న వాటా ఎంతో మాత్రం లేదు. అది తేలందే చీటీలు చెల్లవు, చీటీలు చెల్లందే బండి కదలదు. వెంటనే వెయిటింగ్ రూములో సంఘం కొలువుదీరింది. బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న ఒక లెక్కల మాస్టారిని లేపి సభ్యుణ్ణి చేశారు.

"పైన ఒకటి వేసి కింద ఏ సంఖ్య వేసినా సరే, కింద మరో ఒకటి కలిపితే ఇంకా చిన్న భిన్నం వస్తుంది. అన్నిటికంటే చిన్నదనేది లేదండీ," అన్నారు మాస్టారు.

"లేకపోతే ఇన్నేళ్ళుగా నిబంధనల్లో ఎలా ఉందండీ?" అన్నాడు అధికారి. ఈ వాదనకి గణితశాస్త్రంలో జవాబు లేదు.

కోటి వంతుల్లో ఒకటే అతి చిన్న వాటా అని ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టారు. పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. ఇంక బండి వెళ్ళిపోతుంది.

"కోటిమందీ వచ్చాక ఇంకొకావిడ వస్తే తిప్పి పంపేస్తారా బాబూ?"

తిప్పి పంపరాదు. తీర్మానం సవరించారు. "ఆవిడకి తోడుగా వాళ్ళ అక్క వస్తే?" మళ్ళీ సవరించారు. భూమ్మీద ఉన్న జనానికి మించి ఎవరొస్తారని ఒక గుమాస్తా తెలివి ప్రదర్శించాడు. "పుట్టేవాళ్ళు పుడుతూనే ఉన్నారు కదండీ," అన్నారు మాస్టారు. ఆయన నిద్ర పూర్తిగా వదిలిపోయింది. అధికారి విసిగిపోయి, కింద అనంతం వేసి పారేయమన్నాడు. అనంతం సంఖ్య కాదనీ, వేసినా చీటీలో ఏమీ మిగలదనీ మాస్టారు మనవి చేశారు. "మిగలకపోతే మరీ మంచిది, పంచడం సుళువు," అన్నాడు అధికారి. ఖాళీ చీటీ మీద ముద్ర చెల్లదని గుమాస్తా గుర్తుచేశాడు.

ఒక్కో సవరణకీ పావుగంట పట్టేది. పెద్దావిడ ప్రతిసారీ ఒక మనిషిని పెంచి, కర్ర పట్టుకుని కుంటుకుంటూ చెల్లెలి కిటికీ దగ్గరికి చేరేది. ఈ విధంగా అక్కచెల్లెళ్ళకి మూడు గంటల నలభై నిమిషాల వీడ్కోలు లభించింది. చరిత్రలో మరెవరికీ ఇంత దక్కలేదు. దాన్ని వారు ఇలా సద్వినియోగం చేసుకున్నారు.

"నీళ్ళసీసా మూత బిగించావా?"

"బిగించానక్కా."

"ఏదీ, ఇటివ్వు. చూశావా, కారుతోంది."

"నువ్వు తిప్పాకే కారుతోంది."

మూత నుంచి దుప్పటికీ, దుప్పటి నుంచి పదేళ్ళ కిందట తీసుకెళ్ళి తిరిగివ్వని సూదుల డబ్బాకీ వెళ్ళారు. నీలం గౌను రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా టైముంది కదా అని పెద్దావిడ రెండుసార్లూ మింగేసింది.

"బండిని ఆపి మరీ సాధించాలా అక్కా? పుట్టినప్పట్నుంచీ నీతో ఇదే గోల!" అంది చెల్లెలు.

పెద్దావిడకి రోషం పొడుచుకొచ్చింది. నేరుగా వెయిటింగ్ రూముకి వెళ్ళి, "ఇంకెవరూ రారు బాబూ. పంపించేయండి," అంది.

అతి చిన్న భిన్నం తక్షణమే దొరికింది. పచ్చజెండా ఊగింది.

చక్రాలు కదిలాక గానీ ఆవిడకి గౌను గుర్తురాలేదు. కర్ర అక్కడే వదిలేసి బండి వెంట పడింది.

"చెల్లీ! ఆ ఎలుక..."

"నువ్వేనని తెలుసులే అక్కా! ఎలుక ఎక్కడైనా అంత తిన్నగా కొరుకుతుందా?"

బండి మలుపు తిరిగింది.

ఆ సంభాషణ నాలుగు సెకన్లు పట్టిందనీ, మంజూరైన వాటా మించిపోయిందనీ అధికారి పైకి రాశాడు. మిగతా మూడు గంటల నలభై నిమిషాలు ఒక సీసా మూతకి ఎలా సరిపోయాయో తేల్చడానికి మరో సంఘం వేశారు. దానికి అనుభవజ్ఞులైన సభ్యులు కావాలట. ఈ మధ్య ఎవరినైనా బండెక్కించి వచ్చిన పాఠకులందరూ అర్హులే.