చెంపకు సరిపడా ఎత్తు

సోమవారం పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు ఆమె అనుకున్న పని ఒక్కటే, మధ్యాహ్నంలోగా నాలుగు దిండు గలీబులు కుట్టి ఇచ్చెయ్యడం. గుడ్డ కొత్తది కాదు. కాలువ కాపలాదారు వేసుకున్న నీలం చొక్కాలు. ఆయన భార్య వాటిని తెచ్చి, "ఇంక వేసుకునే మనిషి లేడు కదమ్మా, తలకింద పెట్టుకుంటాం" అని బల్ల మీద పెట్టి వెళ్ళింది.

కాపలాదారును చంపింది అడవిపంది. అంతకు తొమ్మిది రోజుల ముందు అదే పంది, అదే కాలువగట్టు మీద, కుట్టుమిషను ముందున్న ఈమె భర్తకు నలభై అడుగుల దూరంలో నిలబడింది. పొలాల మీద పడే పందుల్ని కాల్చడమే ఆయన ఉద్యోగం. ఒక్క గుండుతో పని ముగిస్తాడని అందరూ ఆయన్ని ఒంటిగుండు అనేవారు. ఆ రోజు మూడు గుండ్లు ఖర్చయ్యాయి. పంది తాపీగా నడిచి వెళ్ళిపోయింది.

"తుపాకీలో ఏదో తేడా వచ్చిందే" అన్నాడు ఇంటికొచ్చి. ఆ మాట అన్నది మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని పేపరు చదివే మనిషి. కళ్ళ సంగతి ఎత్తితే ఆయన రెండు రోజులు భోజనం మానేస్తాడు.

శుక్రవారం పై అధికారి ముందు పరీక్ష ఉంది. ఐదు గుండ్లలో మూడు తగలాలి. లేకపోతే తుపాకీ అప్పగించి ఇంట్లో కూర్చోవాలి. అందుకే ఒంటిగుండు తుపాకీకి, దూరపు గురిని దగ్గరగా చూపించే స్కోపు కొన్నాడు. దాన్ని తుపాకీ మీద పట్టి ఉంచేవి రెండు ఉక్కు రింగులు. "ఎంత పొట్టి రింగులైతే అంత మంచిదన్నా" అన్నాడట తుపాకుల కొట్టువాడు. ఈయన అన్నిటికంటే పొట్టివి తెచ్చాడు.

బిగించి చూస్తే స్కోపు ముందు భాగం గొట్టం కొసన గురి చూడ్డానికుండే పాత గురిముక్కను తన్నుకుంది.

"దీంతో ఇంక పనేముంది?" అని ఆయన రంపం తీసుకుని గురిముక్కను కోసేశాడు.

"అయ్యో, ఎందుకండీ అంత తొందర?"

"నీ గలీబులు నువ్వు కుట్టుకో."

ఇప్పుడు స్కోపు కూర్చుంది. గుండు ఎక్కించే బోల్టు మాత్రం సగం వరకే లేచింది. దాని పిడి స్కోపు వెనక భాగానికి కొట్టుకుంటోంది. బోల్టు లేవకపోతే గుండు లోపలికి పోదు. ఆయన స్కోపులోంచి గోడ గడియారం వైపు చూశాడు. "పైగా అంతా మంచు పట్టినట్టుంది. ఎత్తు సరిపోలేదు, అదీ సంగతి."

గలీబులు పక్కనపెట్టి ఆమె కొలతల టేపు తీసింది. రవికైనా రైఫిలైనా కొలత కొలతే. రింగు కూర్చునే చోటు నుంచి స్కోపు నడిమధ్య వరకు ఎంత ఉండాలో కొలిచి, కుట్టుకు గుడ్డ వదిలినట్టు ఇంకో రెండు మిల్లీమీటర్లు వదిలి, చీటీ రాసిచ్చింది. కొట్టువాడు ఎత్తు లెక్కపెట్టేది స్కోపు అడుగు వరకేనని, నడిమధ్య వరకు కాదని ఇద్దరికీ తెలియదు. బుధవారం వచ్చిన రింగులు పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ. స్కోపు మిద్దె ఎక్కి కూర్చుంది. దాన్ని అందుకోవాలంటే చెంప గాల్లో ఉంటోంది, గడ్డం తుపాకీ వెనక చెక్కకు ఆనుతోంది.

"మార్చుకు రండి."

"పాత గురిముక్క కోసేశావా అన్నా అని కొట్లో నలుగురి ముందూ నవ్వాడు. చచ్చినా వెళ్ళను. చెక్క మీద ఒక మెత్త కుట్టు."

"అయితే కదలకుండా చెంప ఆనించండి, కొలుస్తాను."

"నేనేమన్నా ఫోటో దిగుతున్నానా? నువ్వే ఆనించుకుని కొలుచుకో."

ఆమె తన చెంపకే కొలుచుకుంది. రెండు వేళ్ళ మందాన మెత్త కుట్టింది. పైగుడ్డకు చొక్కా చెయ్యి ముక్క ఒకటి మిగిలి ఉంటే అదే వాడింది. కుట్టాక చెంప ఆనించి స్కోపులోకి చూసింది. ఎదురింటి గోడ మీద చీమల బారు కనిపించింది.

"బాగానే కనిపిస్తోంది కదండీ."

ఆయన చూశాడు. "మంచే" అన్నాడు. "ఇంకా ఎత్తులోనే ఉంది తేడా."

శుక్రవారం ఐదు గుండ్లూ పేలాయి. రెండు మట్టికట్టలోకి పోయాయి. మూడోది గురిబల్ల కాలు విరిచింది. నాలుగోది పక్క అభ్యర్థి బల్లకు తగిలి, ఐదు కాల్చినవాడికి ఆరు తగిలినట్టు తేల్చింది. ఐదోసారి సరిగ్గా కనబడాలని ఆయన మరీ ముందుకు వంగాడు. స్కోపు వెనక్కి తన్ని కనుబొమ మీద చంద్రవంకలా కోసింది.

"రింగుల ఎత్తు సార్!" అన్నాడు ఒంటిగుండు, నెత్తురు తుడుచుకుంటూ.

అధికారి విసుగ్గా చూశాడు. "తుపాకీలో లోపముంటే నెల గడువిస్తాను. లేకపోతే ఇప్పుడే అప్పగించాలి. ఇటివ్వు, నేను కాల్చి చూస్తాను."

"మీది పొడుగు మెడ సార్, మీకు కుదరదు. మా ఆవిడ చేత కాల్పించండి. మెత్త దాని చెంప కొలతే." వెంట వచ్చిన ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "తుపాకీ ఎప్పుడూ పట్టలేదు కదా నువ్వు. ఎటు పోతే అటు పోనీ."

ఆమె బోర్లా పడుకుంది. అధికారి ఇచ్చిన మూడు గుండ్లు పెట్టి, పక్కవాళ్ళు చెప్పినట్టు బోల్టు లాగి మూసింది. చెంప మెత్తకు ఆనింది. తప్పు కాలిస్తే నెల గడువు. నెల రోజులు పంది అదే గట్టు మీద తిరుగుతుంది, ఈయన దాని ముందు నిలబడతాడు. ఆమె ఊపిరి బిగబట్టింది.

మొదటిది గురిబల్ల మీది నల్లచుక్క అంచున తగిలింది. మిగతా రెండూ నడిమధ్యలో పడ్డాయి.

"కొంప ముంచావు కదే" అన్నాడు ఆయన. "ఒక్కటి పక్కకి కాలిస్తే నీ సొమ్మేం పోయేది?"

"ఆ మెత్త ఏ గుడ్డో చూశారా?"

ఆయన తుపాకీ అందుకుని మెత్తను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరగా, ముక్కుకు తగిలేంతగా. నీలం గుడ్డ మీద గుండ్రంగా కాలువ శాఖ ముద్ర ఉంది. కాపలాదారు చేతి మీద ఇరవై ఏళ్ళు చూసిన ముద్ర. రెండు రోజులుగా ఆయన దాని మీదే చెంప ఆనిస్తున్నాడు.

"నాకు కనపడలేదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"సరే." తుపాకీ కింద పెట్టి, "పంది వచ్చే దారి మాత్రం నాకు తెలుసు" అన్నాడు.

"మీరు దారి చూపించండి. సార్ ఒప్పుకుంటే నేను కాలుస్తాను."

అధికారి ఆమె చేతిలో ఒక దరఖాస్తు పెట్టాడు, ఆయన చేతిలో ఫలితాల కాగితం. అందులో మూడు వరుసలున్నాయి. అభ్యర్థి అనర్హుడు. తుపాకీలో లోపం లేదు. రింగుల ఎత్తు సరిగ్గా ఉంది.

ఒంటిగుండు ఆ కాగితాన్ని గోడకు అంటించుకున్నాడు, చివరి వరుస ఒక్కటే కనిపించేలా మడిచి.