పదిలో పదకొండో స్థానం

ఏప్రిల్ ఏడో తేదీ, మంగళవారం. ఆ ఉదయం నదీన్ హోటల్లో నేను తిన్నది సాసేజ్ గ్రేవీ పోసిన రెండు మెత్తని రొట్టెలు, ఒక గుడ్డు. ఇంత బాగా గుర్తుండడానికి కారణం గ్రేవీ కాదు. రాబోయే బాస్కెట్‌బాల్ సీజను ఆ ఉదయమే ముగిసిపోయింది.

పొరపాటున రాయలేదు, రాబోయే సీజనే. గడిచిన సీజను ముందు రోజు రాత్రే అయిపోయింది. జాతీయ ఫైనల్ గెలిచిన కుర్రాళ్ల మీద చల్లిన రంగు కాగితాలను ఇంకా ఎవరూ ఊడ్చనేలేదు. నేను రెండో రొట్టెకి వచ్చేసరికి డ్వైట్ కెస్లర్ తన ఫోన్ తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు. సికమోర్ వ్యాలీ కాన్ఫరెన్స్‌లో, అంటే మా చుట్టుపక్కల కాలేజీలు తమలో తాము ఆడుకునే కూటమిలో, వచ్చే ఏడు ఏ కాలేజీ జట్టు ఎన్నో స్థానంలో నిలుస్తుందో అందులో వరసగా రాసి ఉంది. మా ఊరి హేల్‌బ్రూక్ కాలేజీ అట్టడుగున ఉంది.

"అయిపోయింది వెండెల్," అన్నాడు డ్వైట్, టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని. "మన పని అయిపోయింది."

నవంబరులో మొదలయ్యే ఆటలకు ఏప్రిల్‌లో సంతాపం! డ్వైట్ నాతో కలిసి హైస్కూలు చదివినవాడు. ట్రాక్టర్ల దుకాణం ఉంది. కాలేజీ ట్రస్టీల్లో పెద్ద గొంతు అతనిదే. అలాంటివాడు టోపీ తీశాడంటే మాటలా? కౌంటరు దగ్గర కూర్చున్న నలుగురూ ఫోర్కులు కింద పెట్టారు.

పాఠకులారా, ఈ ముందస్తు జోస్యాలను వెక్కిరించేవాళ్లు మా ఊళ్లో ఇంకా కొందరున్నారు. నన్ను మాత్రం వాళ్లలో కలపకండి. ఈ కాలం మనకిచ్చిన వరాల్లో ఇంతకంటే గొప్పది లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

అసలు ఒక సీజను ఆడడమంటే ఎంత తతంగం! మంచు పేరుకున్న రోడ్ల మీద బస్సు ప్రయాణాలు. విరిగే మోకాళ్లు. రిఫరీలు, వాళ్లను తిట్టడానికి బొంగురుపోయే గొంతులు. ఫోను పక్కన పెట్టుకుని కూర్చునే తల్లులు. ఇదంతా అయిదు నెలలు భరించి చివరికి మనకు దక్కేదేమిటి? ఎవరు ముందు, ఎవరు వెనక అనే ఒక జాబితా. ఆ జాబితానే ట్రెంట్ హాలోవే అనే మహానుభావుడు ఏదో నగరంలో, తన వంటింట్లో, చెప్పులైనా మార్చకుండా ఒక్క పూటలో తయారుచేసి ఇంటర్నెట్‌లో పెడుతుంటే, ఇక బంతికి గాలి కొట్టడం దేనికి?

ఆయన మా ఆట ఒక్కటైనా చూడలేదని కొందరు తప్పు పడుతున్నారు. చూస్తే పక్షపాతం వచ్చేయదూ? న్యాయదేవత కళ్లకు గంతలు కట్టింది ఎందుకనుకున్నారు?

నిజానికి ఈ సౌకర్యం బాస్కెట్‌బాల్ దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చలేదు. మొక్కజొన్న దిగుబడి ఎంతో ఏప్రిల్‌లోనే చెప్పేస్తే మన రైతులు విత్తనాలు నాటే శ్రమ తప్పుతుంది. చర్చి వాళ్లు పెట్టే యాపిల్ పై వంటల పోటీలో మా వీధి బెర్నీస్‌కి మూడో బహుమతి అని జూన్‌లోనే తేల్చేస్తే ఆవిడ ఆగస్టు ఎండల్లో పొయ్యి వెలిగించక్కర్లేదు. పెళ్లి విందులోనే విడాకుల తేదీ ప్రకటిస్తే ఇంకా మేలు. పెళ్లికొచ్చినవాళ్లు టోస్టరు ఇవ్వాలా, కాఫీ కప్పులతో సరిపెట్టాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవచ్చు!

ఈ జోస్యానికి ఇంకో మహత్తు ఉంది. తనను తానే నిజం చేసుకుంటుంది.

మా జట్టులో టెరెల్ గ్యాడిస్ అని పొడుగాటి కుర్రాడు ఉండేవాడు. జోస్యం వచ్చిన వారానికి పోర్టల్‌లో పేరు పెట్టాడు. పోర్టల్ అంటే, నేను ఈ కాలేజీ వదిలేస్తున్నాను, నన్నెవరు తీసుకుంటారు అని ఆటగాళ్లు పేరు ఎక్కించుకునే చోటు. ఈ రోజుల్లో పిజ్జా తెప్పించుకోవడం కన్నా తేలిక. వెళ్లేముందు నదీన్ దగ్గరికి వచ్చి, ఆవిడ డబ్బులు వద్దంటున్నా ఇచ్చి, చాలాసేపు సిరప్ సీసాను తిప్పుతూ కూర్చున్నాడు. మంచి పిల్లాడు. చివరి స్థానంలో ఉండబోయే జట్టులో మీరైతే ఉంటారా అని నన్నడిగాడు. ఉండబోయే అన్న మాట వాడికి వినబడినట్టు లేదు, ఉన్న అనే అనుకున్నాడు పాపం. వాడి వెనకే మరో ముగ్గురు పోయారు.

అది చూసి హాలోవే గారు మళ్లీ రాశారు. హేల్‌బ్రూక్ ఆటగాళ్లు పారిపోతున్నారు, నేను ముందే చెప్పలేదా అని! నిండిన హాల్లో నిప్పు నిప్పు అని అరిచి, జనం పరుగెత్తాక ఖాళీ కుర్చీలు చూపించి, ఈ నాటకం బాగాలేదని నేను ముందే అన్నానుగా అనడం లాంటిది ఇది. ఇంతటి దూరదృష్టి ఎంతమందికి ఉంటుంది?

ఇక మా కోచ్ లైల్ బ్రూబేకర్ సంగతి. ఊళ్లో ఆయన్ని ఎరగనివారు లేరు. గెలిచినన్ని ఓడాడు, ఓడినన్ని గెలిచాడు. ప్రాక్టీసుకు ముందు కోర్టు నేలను వెడల్పాటి తుడుపుకర్రతో తనే తుడుచుకుంటాడు. పిల్లలు జారిపడితే వాళ్ల అమ్మలకు ఫోన్ చేయాల్సింది నేనే కదా అంటాడు. ఆయన ఒప్పందం జూన్‌తో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా వద్దా అని ట్రస్టీలు మే నెలలో కూర్చుంటారు. అంటే ఆ మనిషి ఉద్యోగం డ్వైట్ ఫోను తెరకు వేలాడుతోందన్నమాట.

నేను రిటైరయ్యే దాకా ఈ ఊరి బడిలో లెక్కలు చెప్పాను. ఆ రోగం అంత తొందరగా పోదు. ఒకరోజు కాఫీ చల్లారే లోపు ఊరికే ఆ జాబితాలో పేర్లు లెక్కపెట్టాను. పదకొండు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. మా కాన్ఫరెన్స్‌లో ఉన్నవి పది కాలేజీలు.

పదకొండోది ఎక్కణ్నుంచి వచ్చింది? ఫార్లీ స్టేట్! ఆ కాలేజీ మా కాన్ఫరెన్స్‌ని చిన్నచూపు చూసి, చలికాలంలోనే మరో పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నామని ప్రకటించింది. ఆటలు జరిగే మా జిమ్ గోడ మీద వాళ్ల జెండా దించేసిన చోట రంగు వెలవని చతురస్రం ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి హాలోవే గారి వంటింటి దాకా చేరలేదు. వచ్చే ఏడు మా కాన్ఫరెన్స్‌లో ఉండనే ఉండని జట్టుకు ఆయన మూడో స్థానం ఇచ్చారు. డిఫెన్స్ చాలా గట్టిదని మెచ్చుకున్నారు కూడా. నిజమే, లేనివాణ్ని దాటి బంతి వేయడం ఎవరి తరం?

ఆ రోజు నేను పొంగిపోయానని ఒప్పుకుంటాను. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, లైల్ ఉద్యోగం నిలుస్తుందనుకున్నాను.

సమావేశం కాలేజీ లైబ్రరీ పై అంతస్తులో జరిగింది. కాఫీ, తినడానికి క్రీమ్ పై ముక్కలు పెట్టారు. ఊరివాళ్లు కూడా రెండు ముక్కలు మాట్లాడవచ్చు. లైల్ వెనక వరసలో, టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు. డ్వైట్ జాబితాను పైనుంచి కింది దాకా, చర్చిలో చదివినట్టు చదివాడు. నా వంతు వచ్చాక లేచాను.

"డ్వైట్, మన కాన్ఫరెన్స్‌లో జట్లు ఎన్ని?"

"పది."

"మనది ఎన్నో స్థానం?"

డ్వైట్ ఫోన్‌లో వేలు పెట్టి కిందికి లెక్కపెట్టుకున్నాడు. "పదకొండు."

"మరి పదిలో పదకొండో స్థానం ఎలా వస్తుందోయ్?"

అతను నన్ను చూసిన చూపులో నిజంగానే జాలి ఉంది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా వెండెల్. పదిలో కూడా మనకి చోటు దొరకలేదు. అంత అధ్వానంగా ఉంది మన పరిస్థితి."

గది గదంతా తలలూపింది. ఫార్లీ స్టేట్ మన కాన్ఫరెన్స్ వదిలి పోయిందని నేను చెప్పాను. పోయిన జట్టు కూడా మనకంటే నయమన్నమాట అని ముందు వరసలో ఎవరో నిట్టూర్చారు. ఆ తలలూపినవాళ్లలో సగం మందికి కూడికలు నేర్పింది నేనే. ఇన్నేళ్లు తీసుకున్న జీతం తిరిగి ఇచ్చేద్దామా అనిపించింది.

అలా బ్రూబేకర్ ఉద్యోగం పోయింది. ఆడని సీజనులో, లేని జట్టు కింద, ఉండని స్థానంలో నిలిచినందుకు! ఇంతకన్నా పక్కా నేరం ఉంటుందా?

ఆయన చోటికి, హాలోవే గారు ఎక్కడో ఒక వాక్యంలో మెచ్చుకున్న యువకుణ్ని తెచ్చారు. పళ్లు చాలా తెల్లగా ఉంటాయి. జూన్ రెండో వారంలో హాలోవే గారు జోస్యం సవరించారు. హేల్‌బ్రూక్ ఎనిమిదో స్థానం! చూశారా, ఒక్క బంతి నేలకు కొట్టకుండా మూడు స్థానాలు ఎగబాకాం. ఫార్లీ స్టేట్ మాత్రం నాలుగుకు జారింది. లేనివాళ్లకు గాయాలేమైనా తగిలాయేమో.

డ్వైట్ ట్రాక్టర్ల దుకాణం ముందు కేకు కోశాడు. దాని మీద నీలం రంగు క్రీముతో ఎనిమిది అంకె. ఫైరింజనువాళ్లు సైరన్ మోగించారు. జిమ్ పైకప్పుకి, వెనకటి ఛాంపియన్‌షిప్ జెండాల పక్కనే, కొత్త జెండా ఒకటి కట్టారు: "అంచనాలో ఎనిమిదో స్థానం, జూన్." కేకు ముక్క నాకూ ఇచ్చారు. బాగుంది. కాదనను.

ఇంతగా పొగుడుతున్నావు, నీకేమైనా అనుభవం ఉందా అని మీరడగవచ్చు. ఉంది.

మూడేళ్ల క్రితం నా భార్య ఆర్లీన్ గురించి కూడా ఒక ముందస్తు అంచనా వచ్చింది. అదీ ఏప్రిల్‌లోనే. చెప్పినాయన మంచి డాక్టరు. ఆయన దగ్గరున్నవి నిజమైన లెక్కలు. చెప్పేటప్పుడు ఫోన్ వంక చూడలేదు, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆకులు రాలేదాకా ఉండడం కష్టమన్నాడు. ఆసుపత్రి నుంచి కారు ఇంకా రోడ్డెక్కకముందే ఆర్లీన్, "ఈ ఏడు సీజన్ టికెట్లు తీసుకో. ఇద్దరికీ," అంది.

ఆకులు రాలాయి. మొదటి ఆటకు దుప్పటి కప్పుకుని కూర్చుంది. మంచు పడింది, అయినా ఆటలకు వచ్చింది. ఆ ఏడు మేం ఓడినవే ఎక్కువ. ఫిబ్రవరిలో ఒక ఆట ఒక్క పాయింటుతో పోయింది. ఆఖరి బంతి రింగు అంచు మీద తిరిగి తిరిగి బయటికి పడితే, నా మోచెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. ఇంటికి చేరేదాకా రిఫరీని తిడుతూనే ఉంది. ఆ కారు ప్రయాణాన్ని నేను దేనికీ ఇవ్వను.

మార్చిలో, ఊళ్లో ఆఖరి ఆట కూడా చూసి, వెళ్లిపోయింది. అంత్యక్రియలకు డాక్టరు వచ్చాడు. ఆవిడ విషయంలో నా అంచనా తప్పినందుకు చాలా సంతోషించానండీ అన్నాడు. చూడండి, అంచనా తప్పితే సంతోషించడం! హాలోవే గారికి, మా డ్వైట్‌కి ఇంకా అలవడని విద్య అది.

ఇంకో చిన్న సంగతి. ఆ చలికాలం ఆర్లీన్ జిమ్ ముందు మెట్లు ఎక్కలేకపోయేది. మేం ఎవరినీ ఏమీ అడగలేదు. రెండో ఆట నుంచి కోర్టు పక్కనున్న చిన్న తలుపు మాకోసం తెరిచి ఉండేది. తెరిచేది కోచే. ఆట అయ్యాక, గెలిచినా ఓడినా, మా కారు స్టార్టయ్యేదాకా ఆ తలుపు పట్టుకుని చలిలో నిలబడేవాడు. ఈ పని ఏ జాబితాలో ఎన్నో స్థానంలో వస్తుందో నాకు తెలియదు.

జూన్ ఆఖరి రోజున, పొద్దు వాలుతుండగా జిమ్‌కి వెళ్లాను. లైల్ ఒక్కడే ఉన్నాడు. అతని సామాను ఒక అట్టపెట్టెలో సర్ది గోడవార ఉంది. ఉద్యోగం పోయిన మనిషి నేల తుడుస్తున్నాడు. చివరి పట్టీ అయ్యేదాకా ఆగి, కర్ర గోడకు ఆనించాక అడిగాను.

"వచ్చే ఏడు మనవాళ్లు ఎలా ఆడతారంటావు లైల్?"

అతను తేలిగ్గా తీసుకోలేదు. ఖాళీ కోర్టు వైపు చూస్తూ నిజంగానే ఆలోచించాడు.

"ఏమోనండీ వెండెల్ గారూ. ఇంకా ఆడలేదు కదా."

మా కాన్ఫరెన్స్ మొత్తం మీద ఆటంటే ఏమిటో తెలిసి మాట్లాడిన మనిషిని ఆ సాయంత్రం ఒక్కణ్నే చూశాను. ఆయన్నే మేం పంపించేశాం.

లైట్లు ఆర్పాడు. ఎనిమిదో స్థానం జెండా చీకట్లో కలిసిపోయింది. నేను బయటికి వచ్చేదాకా ఆ పక్క తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నా వెనక ఇంకెవరో రావలసి ఉన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తరవాత చప్పుడు కాకుండా మూసేశాడు.