లావుపాటి సైకిలు దొంగ

ఆ ఉదయానికి టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందే లేవాలి. హాస్టలుకి వెళ్ళిపోయిన కూతురి సైకిలును పార్కింగులోంచి బయటికి తీయాలి. అపార్టుమెంటు వెనక సందులో పడగలిగినన్ని సార్లు పడి, ఎవరి కంటా పడకుండా తెచ్చి పెట్టేయాలి. మోకాళ్ళ డాక్టరు సైకిలు తొక్కమని తేలిగ్గా అనేశాడు. చిన్నప్పుడు అన్నయ్య సైకిలును ఆమె ఎక్కితే టైరు ఢామ్మని పేలడమూ, వీధి పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వడమూ పాపం ఆయనకేం తెలుసు? ఆ పిల్ల ఇప్పుడు మూడింతలైంది. సిగ్గు ముప్ఫై ఇంతలైంది.

అందుకే ఆనవాలు తెలియకుండా తమ్ముడు వదిలేసి వెళ్ళిన ప్యాంటూ చొక్కా తొడుక్కుని, మొగుడి మంకీ క్యాపు ముక్కు దాకా లాక్కుంది. వారం తిరక్కుండానే వాచ్‌మన్ తలుపు కొట్టాడు.

"అమ్మగారూ, మీ పాప సైకిలును ఎవడో దొంగ ఎత్తుకెళ్తున్నాడండీ!"

"అదేంటయ్యా, కిందే ఉందిగా?"

"అదేనండీ వింత! తెల్లారేసరికి మళ్ళీ తెచ్చి పెట్టేస్తున్నాడు. పొద్దున వెనక నుంచి చూశాను. అమ్మో, మనిషా వాడు! లారీ అండీ లారీ! వాడెక్కితే సైకిలు కుయ్యోమంది."

'అది నేనేనయ్యా' అనే మాట నోటిదాకా వచ్చింది. లారీ అన్నాక ఇక రాలేదు. "పోనీలే, ఎవరితోనూ అనకు" అంది. అనకు అంటే అది పెద్ద విషయమే అయ్యుంటుందని వాచ్‌మన్ ప్రతి అంతస్తులోనూ ఆగి మరీ చెప్పాడు. సాయంత్రానికి మీటింగు పెట్టారు. అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ టీచరమ్మే కాబట్టి అధ్యక్షత కూడా ఆవిడే వహించాల్సి వచ్చింది.

"తీసుకెళ్ళి తిరిగి పెడుతున్నాడంటే రిహార్సలు చేస్తున్నాడన్నమాట. రేపు మన కార్లు!" అన్నాడు కింది ఫ్లాటు ప్లీడరు.

"అంత లావు మనిషి నీ కారులో పడతాడా?" అంది పై అంతస్తు రిటైరు నర్సు.

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా టీచరమ్మ నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే, నవ్వు ఎక్కువై అనుకున్నారు. ఈ నవ్వు వినకూడదనే కదా ఇన్నేళ్ళూ సైకిలు ఛాయలకి పోనిది!

అప్పుడు ఆమె మొగుడు లేచి నిలబడ్డాడు. మనిషి పుల్లలా ఉంటాడు గానీ గొంతు మాత్రం ఖంగుమంటుంది. "వాడి సంగతి నాకొదిలేయండి. రోజూ పది మైళ్ళు సైకిలు తొక్కి కాలేజీకి వెళ్ళినవాణ్ణి. సైకిలెక్కి వెంటాడానంటే వాడు నాకో లెక్కా?" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ ఈ పది మైళ్ళ కథ వింటూనే ఉందామె. అంత తొక్కినవాడి ముందు తను దబ్బున పడటమా? చచ్చినా వద్దనుకుంది. అందుకే ఆయనకీ చెప్పలేదు.

కాపలా ఎల్లుండి నుంచి అనుకున్నారు. ఈలోగా సైకిలును రిపేరు షాపులో పడేసి చేతులు దులుపుకుందామని టీచరమ్మ మర్నాడు తెల్లవారకుండానే లేచింది. పక్కన మొగుడు లేడు. పాలకి వెళ్ళాడనుకుంది. సైకిలు గేటు దాటించగానే ఈల మోగింది.

"దొంగ! దొంగ!"

స్తంభం వెనక నుంచి ప్లీడరు, గది లోంచి కర్రతో వాచ్‌మన్, కారు చాటు నుంచి స్వయానా మొగుడు! ఉత్సాహం ఆగక కాపలా ముందే మొదలెట్టేశారు. ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడకపోయినా ఎలాగో సైకిలెక్కేసింది, తొక్కేసింది. రోజూ పడే మలుపు వచ్చింది. పడలేదు. మలుపు దాటిపోయింది. అయ్యబాబోయ్, పడలేదు!

అయితే ఆగడం నేర్చుకోలేదు. ఇన్నాళ్ళూ పడటమే ఆగడం. చేసేదిలేక బిల్డింగు చుట్టూ తిరగసాగింది. ఒక్కొక్క బాల్కనీలో లైటు వెలిగింది.

"ఎక్కండి సార్, నా సైకిలు!" అని వాచ్‌మన్ తన సైకిలును ఆమె మొగుడి చేతిలో పెట్టాడు.

ఆయన సీటు వంక అనుమానంగా చూశాడు. "దీంట్లో గాలి లేదయ్యా."

"నిన్ననే కొట్టించానండీ!"

"చైను కూడా వదులైంది."

రెండో చుట్టులోనూ ఆయన ఆ సైకిలును పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మూడో చుట్టు ఆమె వల్ల కాలేదు. గేటు పక్కనున్న ఇసుక కుప్పలోకి పోయి కూలబడింది. టోపీ ఊడి దూరంగా పడింది.

భూమి చీలితే అందులోకి దూరిపోదామనుకుంది టీచరమ్మ. "నేనే. మీరన్న లారీని నేనే. నవ్వేదేదో ఇప్పుడే నవ్వేయండి" అంది. వాచ్‌మన్ తల వంచుకున్నాడు. ఆమె వెనక పరిగెత్తి వచ్చిన ప్లీడరుకు నవ్వడానికి ఊపిరి అందలేదు.

"నవ్వాల్సింది నిన్ను చూసి కాదే తల్లీ! ఇంతమంది మగాళ్ళు కలిసి నిన్ను పట్టుకోలేకపోయారు!" అని పైనుంచి నర్సు అరిచింది.

మొగుడు వచ్చి చెయ్యందించాడు. ఆమె భుజం మీది ఇసుక దులుపుతూ, "ఏమోయ్, నాకైనా చెప్పొచ్చు కదా?" అన్నాడు.

"పది మైళ్ళు తొక్కినవారి ముందు పడాలంటే సిగ్గేసిందండీ."

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"బస్సులో వెళ్ళేవాణ్ణి" అన్నాడు.

మర్నాటి నుంచి టీచరమ్మ ముఖానికి ఏ ముసుగూ లేకుండా, తెల్లారాక, అందరూ చూస్తుండగానే తొక్కుతోంది. పడితే లేచి మళ్ళీ ఎక్కుతోంది. పదిరోజులు పోయాక వాచ్‌మన్ మళ్ళీ తలుపు కొట్టాడు.

"అమ్మగారూ, మీతో ఏ ఇబ్బందీ లేదు గానీ, చీకట్లో మంకీ క్యాపు పెట్టుకుని వస్తున్న ఆ సన్నపాటాయన మాత్రం పూలకుండీలన్నీ పగలగొట్టేస్తున్నారండీ."