గంజిదుప్పటి మర్దనము

ఒకానొక ఆదివారమున, సూర్యుడు నడినెత్తికెక్కుటకు ఇంకను బద్ధకించుచున్న వేళ, కొండలు దిగి, ఊళ్లు తడిపి, అలసి సొలసిన యొక నది సముద్రుని ఒడిలో వాలిపోవు తావున, అంగడి లేని, అరుపు లేని, కూర్చుండుటకు బల్లయైనను లేని ఆ నిర్జన సైకతసీమయందు జరిగిన ఘోరసంగ్రామమును వినుడు! నవ్వు వచ్చినచో నవ్వుడు గాని, మధ్యలో లేచిపోవలదు.

ఆ సమరమునకు నాయకుడు ఇస్త్రీదుకాణాధిపతి, ముడుతల పాలిటి మృత్యువు, అంగారగర్భ లోహపేటికా ధురంధరుడు. ఆయన ధర్మపత్ని పొద్దుపొడుపు మొదలు దీపాలు పెట్టు వేళ దాక బల్లయెదుట నిలువుకాళ్ల మీద నిలిచి పరుల చొక్కాలు మడతపెట్టు సాధ్వి. ఆమె పాదములు వాచుట చూచి మనసు చివుక్కుమన్న ఆ వీరుడు, "ఈ ఒక్క పూట నిన్ను సముద్రం ఎదురుగా కాళ్లు చాపించి కూర్చోబెడతాను, ఇది నా మాట" అని చెప్పి, ఆమెను, ఆమె తమ్ముడైన బస్సు కండక్టరును వెంటబెట్టుకొని వచ్చియుండెను.

అంతట ఆయన సంచినుండి దుప్పటిని వెలికి తీసెను. అది సామాన్యమైన దుప్పటియా? ముందురోజే చిక్కని గంజిలో ముంచి, ఎండలో ఎండించి, ఇస్త్రీపెట్టెతో అణచి అణచి, అట్టవలె బిగియించిన మహావస్త్రము! మెత్తని దుప్పటి తెచ్చినచో తన వృత్తికే మచ్చయని ఆ అభిమానధనుడు తలచెను. విప్పుటే తడవుగా, కయ్యమునకు కాలు దువ్వుచున్న సముద్రపుగాలి దాని కడుపున దూరి, తెరచాపగా ఉబ్బించి, వీరుని ఇసుకలో ఈడ్చి, ముఖమునకు చుట్టి, ఊపిరాడనీయక ఉక్కిరిబిక్కిరి చేసెను.

"బావా, రైట్ రైట్! వెనక్కి రా, వెనక్కి రా... ఇంకొంచెం... హోల్డాన్!" అని కండక్టరు కేకలు వేసెను.

"ముందొచ్చి ఓ మూల పట్టుకోరా! టిక్కెట్లు తర్వాత కొడుదువుగానీ!" అని దుప్పటి గర్భమునుండి వీరవాణి వినవచ్చెను.

ఒక మూలకు చెప్పులు, ఒక మూలకు సంచి, ఒక మూలకు నీళ్లసీసా, మిగిలిన మూలకు బావమరిది. అయినను ఆ కఠినాంబరము లొంగలేదు. చెప్పులెగిరెను, సీసా దొర్లెను, బావమరిది బోర్లాపడెను.

"ఏమండీ, నేను ఇసుక మీదే కూర్చుంటాను. ఇసుకేం కరవదు కదా!" అని ఇల్లాలు కూర్చుండబోయెను.

"ఆగుము, ఇంతీ!" అని ఆ శూరుడు గర్జించెను. "లాయర్ల కాలర్లను లొంగదీసినవాడను, పట్టు పొగరు దించినవాడను, నూలు నడుము విరిచినవాడను! ఈ భుజములు ఇస్త్రీపెట్టె మోయుచుండగా నీవు కటికనేలపై కూర్చుండుటయా? నేనీ దుప్పటికి ఓడుటయా?"

"బాగుందండీ వరస! ఇక్కడికొచ్చినా నిలబెట్టే ఉంచారు. దీనికన్నా దుకాణమే నయం, నీడైనా ఉంటుంది" అని ఆమె నడుముపై చేయి వేసికొనెను.

ఆ మాట ములుకువలె నాటెను. వీరుడు సిగ్గుపడెను. తానిన్ని తిప్పలు పడుచున్నది ఆమె కొరకా, తన గంజి పరువు కొరకా? అంతటితో ఆయన పండ్లు బిగించి, శత్రువును రెండు చేతుల పొదివిపట్టి, నది సముద్రములోనికి జారు చోట మోకాళ్ల లోతు నీటిలోనికి దూకి, తన చేతులారా తీర్చిదిద్దిన ఆ కళాఖండమును మూడు మునకలు ముంచెను!

"బావా, అయ్యో! ఇస్త్రీ!" అని కండక్టరు గుండె పట్టుకొనెను.

గంజి తెల్లగా కరిగిపోయెను. బిరుసు పోయెను, బింకము పోయెను. నీరోడుచు వచ్చిన దుప్పటి ఇసుకపై చతికిలబడి కరచుకొనగా, గాలి ఎంత ఈడ్చినను అంగుళము కదలలేదు. కాని దానినిండ ముడుతలే. వాటిని సరిచేయుటకు వీరుని కుడిచేయి తనంతట తానే ముందుకు సాగెను. ఆయన ఎడమచేతితో ఆ చేతిని పట్టి వెనుకకు లాగెను.

ఆమె కూర్చుండెను. చీర తడిసెను. కాళ్లు బారచాపి, మెటికలు విరిచి, కడుపునిండ నిట్టూర్చెను.

"తడి తగులుతోందా?" అని ఆయన బెరుకుగా అడిగెను.

"తగులుతోంది. ప్రాణం లేచొచ్చింది. మీరూ కూర్చోండి, ఆ చెయ్యి ముడుచుకుని."

ఓ దిక్కులారా, ఓ తరంగములారా, చాటుడు, ఎలుగెత్తి చాటుడు! ఆమె కూర్చున్నది! పొద్దువాలి, ఆఖరి బస్సు వేళయైనదని సాక్షాత్తు కండక్టరే మొత్తుకొన్నను, లేవలేదు.