నిలబడనక్కర్లేని ఆఫీసు

"ఈ రోజు నుంచి ఈ ఆఫీసులో ఒక్క మనిషి కూడా నిలబడి ఎదురుచూడడు!"

ప్రజా సౌకర్యాల మంత్రి రాతు ఇలియేసా గారు ఈ మాట చెప్పడానికి రాజధాని సువా నుంచి స్పీడుబోటు మీద మా దీవికి వచ్చారు. మాకున్నదే ఒక ఆఫీసు. దాని వరండాలో రోటీ పొట్లాలు అమ్ముకునేవాణ్ణి కాబట్టి, ఆ చరిత్రాత్మక ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ ఘట్టం పేరు డిజిటల్ డిస్‌ప్లే స్క్రీను. రెండు తలుపులంత వెడల్పు. దాని మీద టోకెన్ నంబరు పడుతుంది, ఆ నంబరు మనిషి వెళ్లి పని చేయించుకుంటాడు. ఇంత సులువైన ఆలోచన మామూలు బుర్రలకు తట్టదు.

బిగించడానికి వచ్చిన ఇంజినీరు మాత్రం ఓ సందేహం వెలిబుచ్చాడు.

"స్క్రీను వచ్చింది సరే, దీన్ని నడిపే కంప్యూటరేదీ?"

"అది వచ్చే బడ్జెట్లో," అన్నాడు మంత్రిగారి సెక్రటరీ. "ప్రస్తుతానికి అదిగో, ఆ బల్ల మీద ఖాళీగా ఒకటుంది."

అది గుమాస్తా వీలియామె కంప్యూటరు. అతను టీకి లేచాడు, అందుకని ఖాళీ. ఆఫీసు మొత్తానికి అదొక్కటే. అతను తిరిగొచ్చేసరికి మానిటరు బల్ల మీదే ఉంది గానీ, కంప్యూటరు డబ్బా స్క్రీనుకు పైన ఇనుప పంజరంలోకి ఎక్కేసింది.

మంత్రిగారు మీట నొక్కారు. స్క్రీను నిండా మంత్రిగారే నవ్వుతూ ప్రత్యక్షమయ్యారు. మూలన చిన్నగా టోకెన్ నంబరు ఒకటి.

"నేను వెళ్లిపోయినా, ఈ ముఖం ఇక్కడ వెలుగుతున్నంతసేపు నేను మీ మధ్యన ఉన్నట్టే!" అని చెప్పి, చప్పట్ల మధ్య స్పీడుబోటెక్కి వెళ్లిపోయారు.

ఆయన ఉత్త మంత్రి కాదు, రాతు. మా దొరల వంశం. ఆయన ఎదుట ఎవరమూ నిలబడం. ఆయన తల మీదుగా చెయ్యి చాపాల్సి వస్తే 'తులౌ' అని అనుమతి అడగాలి, ఆయన సరేననాలి. ఇప్పుడాయన ఉన్నట్టే కదా! హాలు హాలంతా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీలియామె కూడా కుర్చీ దిగి కూర్చున్నాడు.

ఒకటో నంబరు బూబూ వసేమదాది. బూబూ అంటే అవ్వ, ఊరందరికీ ఆమె బూబూయే. వానల్లేక వాళ్ల ఊరి బావిలో ఉప్పునీళ్లు ఊరుతున్నాయి. సర్కారు మంజూరు చేసిన నీళ్ల ట్యాంకు ఎదురుగా రేవులోనే, సరుకుల ఓడ మీద ఉంది. వీలియామె చీటీ ఇస్తే దించుతారు. ఇవ్వకపోతే పోటు తగ్గకముందే ఓడ పక్క దీవికి పోతుంది, ట్యాంకూ దానితోనే పోతుంది.

"వీలీ, నా నంబరే పడింది. చీటీ ఇవ్వు నాయనా."

"చీటీ కంప్యూటర్లోంచే రావాలి. ఇవ్వాలంటే ఆ డబ్బా దించాలి బూబూ."

"దించు మరి."

"రాతు గారి తల మీదుగా చెయ్యి చాపమంటావా? మా అమ్మకు తెలిస్తే గుమ్మం తొక్కనిస్తుందా?"

"అది బొమ్మరా!"

"బొమ్మే. కానీ ఉన్నట్టే అన్నారు కదా, నువ్వూ విన్నావు."

"అయితే ఫోను చేసి అడిగి చావు."

"నడి సంద్రంలో సిగ్నల్ ఎక్కడిది?"

బూబూ పట్టు వదిలే మనిషి కాదు. సంతకెళ్లి, దొరల ముందు కానుకగా పెట్టే యంగోనా వేర్ల కట్ట తెచ్చి, స్క్రీను ముందు పెట్టి, మర్యాదగా వంగింది. "తులౌ రాతూ! మీ తల పైన డబ్బా ఉంది. ఓ నిమిషం తీసుకోనివ్వండి."

స్క్రీను అడుగున అక్షరాలు పరుగెత్తాయి: 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది.'

పిండి చేతులతోనే నేనూ చప్పట్లు కొట్టాను. ఇంత వెంటనే జవాబిచ్చిన మంత్రిని ఇంతవరకు చూసి ఎరగం.

ఓడ మొదటి కూత వేసింది. అంతలో బూబూ మొర ఆలకించినట్టు కరెంటు పోయింది. రాతు గారు మాయమయ్యారు.

"వెళ్లిపోయారు! ఎక్కు ఎక్కు!" అని అరిచాం. వీలియామె కుర్చీ ఎక్కి డబ్బా దించి, బల్ల మీది మానిటరుకు తగిలించాడు.

"ఇక చీటీ ఇవ్వు."

"కరెంటు లేదు బూబూ."

బూబూ అప్పుడన్న మాట పత్రికలో వేసేది కాదు.

ఓడ రెండో కూత వేస్తుండగా కరెంటొచ్చింది. డబ్బా గుర్రుమంది. వీలియామె వేళ్లు సవరించుకున్నాడు. మానిటరు వెలిగింది. అందులో చిన్నగా, ముద్దుగా, రాతు గారు నవ్వుతున్నారు.

వీలియామె మెల్లగా కుర్చీలోంచి నేల మీదికి జారాడు.

మూడో కూతతో ఓడ కదిలింది. కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే మెడలు చాచి, ట్యాంకు వెళ్లిపోవడం చూశాం. బూబూ ఒక్కతే లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి వేసుకుని, ఓడ కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడింది. తర్వాత స్క్రీను ముందున్న యంగోనా కట్ట తీసి చంకన పెట్టుకుని, ఖాళీ నీళ్ల క్యాను ఊపుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం సెక్రటరీ ఫోను చేశాడు.

"మొదటి రోజు ఎవరైనా నిలబడ్డారా?"

"ఒక్కరే సార్. బూబూ వసేమదా," అన్నాడు వీలియామె. ట్యాంకు సంగతి ఆయన అడగలేదు.

డబ్బా మళ్లీ పంజరమెక్కింది. అక్షరాలు సువాలో కూర్చునే మార్చేస్తారట. మర్నాడు రాతు గారి చిరునవ్వు కింద కొత్తవి పరుగెత్తాయి:

'నిలబడి ఎదురుచూసినవారు: ఒకరు. త్వరలో ఆ ఒక్కరూ లేకుండా చేస్తాం.'