బయట ఎనిమిది, లోపల ఎనిమిది

ఆదివారం చేనేత సంఘంవారి గ్రూప్ ఫోటోను బెజవాడలో తయారైన కెమెరాతోనే తీయాలని సాంబమూర్తి పొద్దున్నే కాఫీ తాగుతూ నిశ్చయించుకున్నాడు. యుద్ధం మూలంగా ఇంగ్లండు నుంచి సీమ కెమెరాలు రావడం లేదు. గవర్నర్‌పేటలోని అతని స్టూడియోలో ఉన్న ఒక్క కెమెరా పెట్టెనూ చెదలు తినేశాయి. లెన్స్ మాత్రం మిగిలింది.

"రెండువైపులా తెరిచిన చెక్కపెట్టె కొండపల్లి బొమ్మల వెంకటప్పయ్య చేస్తాడు. లెన్స్ బిగించే ఇత్తడి రేకు మన కంచరి జీవరత్నం కోస్తాడు. ఎవరికైనా ఎనిమిది అంగుళాలే కొలత. తనిఖీ నీది," అన్నాడు భార్యతో.

"వెంట్రుకంత తేడా వచ్చినా ఒప్పుకోను," అంది బాలత్రిపురసుందరి.

పెట్టె వచ్చింది, అద్దంలా నున్నగా. రేకు మాత్రం అందులో దిగలేదు. పెట్టె బయటి కొలత ఎనిమిది! లోపల ఎనిమిది ఉండాలని చెప్పడం సాంబమూర్తే మరిచాడు. ఆ మాట ఒప్పుకోలేక, పనుందని చెప్పి కొండపల్లి రైలెక్కాడు.

భర్త పరువు పోతుందని ఆవిడ జీవరత్నాన్ని పిలిపించింది.

"రేకు పెద్దదైంది. పెట్టెలో పట్టేట్టు కొయ్యి."

"నా కొలత తప్పదమ్మగారూ!"

"పెట్టె మాత్రం తప్పిందా? కొయ్యవయ్యా!"

అతను కోసి, లెన్స్‌తో సహా పెట్టెకు బిగించేశాడు.

ఆదివారం సాంబమూర్తి కొత్తపెట్టెతో, వెంకటప్పయ్యతో దిగాడు. ఈసారి లోపల సరిగ్గా ఎనిమిది.

"రేకేదీ?"

"చిన్నపెట్టెకు కోయించేశానుగా!"

"అయ్యో, ఇక దీనికెలా అతుకుతుందే?"

"చెప్పి వెళ్లారా?"

వెంకటప్పయ్య, జీవరత్నం నీ కొలత తప్పంటే నీ కొలత తప్పని కేకలేసుకుంటూండగా, సంఘం అధ్యక్షుడు చౌడయ్య సభ్యులందరితో వచ్చేశాడు.

"ఏమండీ, మన కెమెరా ఏదీ? పక్కవీధి స్టూడియోకి పొమ్మంటారా?"

"కూర్చోండి బాబూ," అంటూ ఆవిడ బల్ల ఖాళీ చేయబోయి, చిన్నపెట్టెను విసుగ్గా పెద్దదాంట్లోకి తోసింది. అది సొరుగులా మెత్తగా దిగింది. సందులో వెలుతురు చొరడానికి చోటే లేదు.

సాంబమూర్తి ఒక్క గెంతు గెంతాడు. పెద్దపెట్టె వెనక గాజుపలక బిగించి, నల్లగుడ్డలో తలదూర్చి, లోపలి పెట్టెను లాగాడు, తోశాడు. గాజుమీద మసకగా ఉన్న చౌడయ్య మీసం వెంట్రుకలతో సహా తేటపడింది.

"కదలకండి!"

సాయంత్రం చౌడయ్య ఫోటోను కళ్లదగ్గరకు తెచ్చుకున్నాడు. "మా పంచె అంచులో పోగులు కూడా లెక్కపెట్టొచ్చండీ! ఇది మన బెజవాడ పనేనా!"

"అందుకేగా బయటికి కొలత పెట్టింది," అన్నాడు వెంకటప్పయ్య.

"అందుకేగా రేకు కోసింది," అన్నాడు జీవరత్నం.

"అందుకేగా నేను కోయించింది!" అంది ఆవిడ.

"అందుకేగా నేను చెప్పకుండా వెళ్లింది," అన్నాడు సాంబమూర్తి గంభీరంగా.

పొరపాటు చేసినవాడు గవర్నర్‌పేట మొత్తంమీద ఒక్కడూ లేకపోయాడు.