మంత్రిగారు ఎంట్రన్సు రాశారు

"విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష అంటే పిల్లల్లో పేరుకుపోయిన భయాన్ని సమూలంగా పెకలించే నిమిత్తం, గౌరవ విద్యాశాఖ మంత్రిగారు ఈ ఏడాది ఆ పరీక్షను స్వయంగా రాయాలని నిశ్చయించారు" అన్న ప్రకటన మీరు పేపర్లో చదివే ఉంటారు. అది రాసింది నేనే. మంత్రిగారి పేషీలో పత్రికా ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. 'సమూలంగా' అన్న మాట మాత్రం మంత్రిగారు తమ స్వహస్తాలతో చేర్చారు.

ఇంతటి త్యాగం నేనెరిగినంతలో లేదు. పరీక్షలు పెట్టిన మంత్రులున్నారు, వాయిదా వేసినవాళ్ళున్నారు, రద్దు చేసినవాళ్ళకైతే కొదవే లేదు. కూర్చుని రాసినవాడు ఒక్కడూ కనపడడు.

ఆయనకు పాఠం ఎవరు చెప్పాలన్నది సమస్య అయింది. ప్రొఫెసర్లను పెడితే పేపరు లీకయిందంటారు. కార్యదర్శిగారు గదంతా కలియజూసి నా దగ్గర ఆగారు.

"మీ అమ్మాయి కూడా ఈసారి రాస్తోంది కదూ? బాగా చదువుతుందట?"

"ఏదో, చదువుతుందండి" అన్నాను. ఆ ఒక్క ముక్కతో నా కొంప మునిగింది.

మా అమ్మాయి ఏడాదిగా తలుపేసుకుని చదువుతోంది. దానికి యూనివర్సిటీలో సీటు తప్ప వేరే ధ్యాస లేదు. డబ్బు కట్టి ఇంకెక్కడో చేర్పించే తాహతు నాకూ లేదు. మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి మంత్రిగారి కారు వచ్చి మా గుమ్మం ముందు హారను కొట్టేది.

"పరీక్ష దానికా, ఆయనకా?" అంది మా ఆవిడ.

"ఇద్దరికీనే."

"తప్పితే ఆయన మళ్ళీ మంత్రే. ఇది తప్పితే?"

ఆఫీసుకు టైమవుతోందని చొక్కా తొడుక్కున్నాను.

మొదటి పాఠానికి నేనూ ఉన్నాను. మా అమ్మాయి మోడల్ పేపరు ముందు పెట్టి ఓపిగ్గా చెప్పింది. "రెండు వందల ప్రశ్నలండి. ఒక్కోదానికి నాలుగు జవాబులుంటాయి. అందులో ఒకటే సరైంది. దాని పక్కనున్న సున్నాని పెన్సిలుతో నింపాలి."

"మరి మిగతా ముగ్గురూ?"

"అవి తప్పండి."

"ఎవరన్నారు? వాళ్ళ వాదన విన్నారా?"

మా అమ్మాయి మోడల్ పేపరు వెనక్కి తిప్పి సూచనలు మళ్ళీ చదువుకుంది. మంత్రిగారే జాలిపడి విడమరిచి చెప్పారు.

"నాలుగు పార్టీలు కలిస్తే నిలబడ్డ ప్రభుత్వమమ్మా మాది. ఒకడికి పెట్టి ముగ్గురి నోట్లో మట్టి కొడితే సాయంత్రానికి పడిపోతాం. నాలుగూ నింపాలి."

"అలా నింపితే తప్పు కిందే లెక్కండి. తప్పుకో మార్కు కోస్తారు."

"కొయ్యనీ! ఎవడు కోస్తాడో నేనూ చూస్తాను."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆ రాజనీతికి నేను నిజంగా ముగ్ధుణ్నయ్యాను. పరీక్షకు ముందురోజు అన్ని పేపర్లలోనూ మంత్రిగారి పేరు మీద ఒక వ్యాసం వేయించాను. 'నలుగురినీ కలుపుకుపోండి' అని శీర్షిక. ఏ సున్నా చిన్నబుచ్చుకోకుండా చూసుకోవాలని అందులో హితవు. ఏడాదంతా పుస్తకం ముట్టని పిల్లలు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకున్నారని విని పొంగిపోయాను.

పరీక్ష హాల్లోంచి అందరికంటే ముందు మంత్రిగారే బయటికొచ్చి ఫోటోలకు చెయ్యి ఊపారు. మా అమ్మాయి ఆఖరి బెల్లు కొట్టేదాకా రాస్తూనే ఉంది.

ఫలితాలు పట్టుకుని కార్యదర్శిగారు లోపలికొచ్చి తలుపేశారు.

"మీకు రెండు వందలు వచ్చాయి సార్."

"రెండు వందలకు రెండు వందలే!"

"అంకె ముందు చిన్న గీత ఉంది సార్. మైనస్ అంటారు."

మంత్రిగారు కాగితాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నారు. "ఈ కాస్త గీతకేనా ఆ మొహం వేలాడేసుకొచ్చావ్? తీసెయ్యవయ్యా."

"మీ ఒక్కరికే తీస్తే ప్రతిపక్షం ఊరుకోదు సార్."

"అందరికీ తీసెయ్. నేనేమన్నా స్వార్థపరుణ్నా?"

గంట తిరక్కుండా ఉత్తర్వులు వెలువడ్డాయి. 'మైనస్ గుర్తు విద్యార్థుల ఆత్మగౌరవానికి భంగకరం గనుక తక్షణమే రద్దు.' ఆ వాక్యమూ నాదే. మంత్రిగారికి మొదటి ర్యాంకు వచ్చింది. ఆయన వ్యాసాన్ని అక్షరాలా పాటించిన వేలమందికీ మొదటి ర్యాంకే వచ్చింది. వాళ్ళతోనే సీట్లన్నీ నిండిపోయాయి. మా అమ్మాయికి నూట ఎనభై ఎనిమిది వచ్చాయి, ముందు ఏ గీతా లేకుండా. సీటు రాలేదు.

మా ఆవిడ ఆ ఉత్తర్వు పడ్డ పేపరు పరిచి, దాని మీద నా కంచం పెట్టింది. తిట్టినా బాగుండేది.

అయినా మంత్రిగారు కృతజ్ఞత ఎరిగిన మనిషి. అభినందన సభలో మా అమ్మాయిని వేదిక మీదికి పిలిపించి పూలగుత్తి చేతికిచ్చారు.

"గురువును మించిన శిష్యుణ్ని అనిపించుకున్నాను కదమ్మా! ఇంతకీ నీకెన్నొచ్చాయి?"

"నూట ఎనభై ఎనిమిదండి."

"అయ్యయ్యో! నాకంత బాగా చెప్పావే, నువ్వు చదువుకోలేదా?"

సభ గొల్లుమంది. మా అమ్మాయి మైకు దగ్గరికి జరిగింది.

"నేను చెప్పింది మీరు రాయలేదండి" అంది.

అది వినయమనుకుని జనం చప్పట్లు కొట్టారు. మర్నాటి ప్రకటనలో నేనూ వినయమనే రాశాను.

వచ్చే ఏడాది కోసం వీధి వీధికీ కొత్త కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ఉన్నవాటిలోకెల్లా పేరున్నదానికి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. లోపల పుస్తకమన్నది లేదు. బల్లలు, పెన్సిళ్ళు, వంచిన తలలు. మాస్టారు ఒక పేపరిచ్చి నింపమన్నాడు. మా అమ్మాయి ప్రశ్న చదివింది, ఒక సున్నా నింపింది, ఆగిపోయింది. రెండో ప్రశ్నకూ అంతే.

మాస్టారు పెదవి విరిచాడు. "ఒకటి నింపగానే చెయ్యి ఆగిపోతోందండీ. ఎన్నాళ్ళుగా చదువుతోందేంటి?"

"చిన్నప్పట్నుంచీనండి."

"ముదరబెట్టి తీసుకొచ్చారు. అయితే రెండేళ్ళ బ్యాచ్‌లో వెయ్యాలి."

"రెండేళ్ళా! దారికొస్తుందంటారా?"

ఆయన ఆప్యాయంగా నా భుజం తట్టాడు.

"బెంగపడకండి. తెలివైన పిల్లలాగే ఉంది. కష్టపడితే మరిచిపోతుంది."